మంచుగడ్డపై బాలికల హాకీ

మనము ముంగిళ్లలో ధనుర్మాసపు ముగ్గులు తీర్చి గొబ్బెమ్మలు పెట్టుకొను జనవరి దినములలోనే, చలిదేశములయం దొక చిత్రమైన పోటీ జరుగుట వాడుక. అందు పాల్గొనువా రందఱును పదునెనిమిదేండ్లకు లోబడిన బాలికలు. కాళ్లకు ఉక్కుటంచుల జోళ్లు తొడిగికొని, చేతులలో వంపుకఱ్ఱలు పట్టుకొని, అద్దమువంటి మంచుగడ్డపై గాలివలె జారుచు వారు హాకీ యాడుదురు. దీనిని అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యవారు 2008వ సంవత్సరమున ప్రారంభించిరి.

మనకు మంచుగడ్డ యనగా వేసవిలో షర్బతులో వేసికొనునదే గదా, దానిపై నాడు ఆటతో మనకేమి పని యని కొందఱు తలపవచ్చును. ఆట మనకు క్రొత్తదే. కాని ఆ బాలికలకు కలిగిన కష్టము మాత్రము మనకు క్రొత్తది కాదు. అది యెట్టిదో, దాని నెట్లు గట్టెక్కిరో చెప్పుటయే యీ వ్యాసము నుద్దేశము.

ముందుగా ఆట యెట్లుండునో తెలిసికొందము. ఆటస్థలము 60 మీటర్ల పొడవును, 26 మొదలు 30 మీటర్ల వెడల్పును గలిగి, మూలలు గుండ్రముగా నుండును. చుట్టును నడుమెత్తు గోడ యుండును. పూర్వము గడ్డకట్టిన చెఱువులపై నాడెడివారు. ఇప్పుడు పెద్ద పోటీల నన్నిటిని కప్పుగల మందిరములలో జరుపుచున్నారు. యంత్రములతో నేలను చల్లబఱచి, దానిపై పలుచగా పలుమాఱులు నీరు చల్లి గడ్డకట్టింతురు. బయట మండువేసవి యైనను లోపల మంచు చెడదు.

ఒక్కొక్క పక్షమున ఆర్గురు బరిలో నుందురు. ఒకతె గోలు కాచును. తక్కిన యైదుగురు ముందునకు వెనుకకు తిరుగుచు నాడుదురు. బంతికి బదులుగా గట్టి రబ్బరుబిళ్ల నుపయోగింతురు. దానిపేరు పక్. అది 3 అంగుళముల వెడల్పును, ఒక యంగుళము మందమును గల చిన్నబిళ్ల. ఎగిరెగిరి పడకుండుటకై దానిని ముందుగా మంచుపెట్టెలో నుంచి బిగుసుకొననిత్తురు. ఇరువది నిముసముల చొప్పున మూడు భాగములుగా నాట సాగును. ఇంత వేగముగా నాడుట యెక్కువసేపు ఎవరితరమును కాదు. కావున ఒక్కొక్క బాలిక ముప్పాతిక నిముస మించుమించుగా నాడి, గోడదాటి బల్లపై కూర్చుండి యూపిరి తీర్చుకొనును; ఆట నిలువకయే మఱియొకతె యామె స్థానమున దూకును. తప్పు చేసినవారిని సామాన్యముగా రెండు నిముసములు వేఱుగా కూర్చుండబెట్టుదురు. అప్పుడు ఆ పక్ష మొకరు తక్కువగా నాడవలయును. ఒడలితో ఢీకొట్టి పడగొట్టుట పురుషుల యాటలో నున్నది గాని స్త్రీల యాటలో నిషిద్ధము. ముఖము నంతయు కప్పు రక్షణకవచము బాలిక లందఱును ధరింపవలయును.

ఈ యాటకు పుట్టినిల్లు కెనడాదేశము. స్త్రీలు దీని నాడుట నిన్న మొన్నటి మాట కాదు. 1890 ప్రాంతమున, ఆ దేశమునకు గవర్నరు జనరలుగా నుండిన స్టాన్లీప్రభువు కుమార్తె ఇసబెల్ స్టాన్లీ, పొడవైన తెల్లని దుస్తులతో చెలికత్తెలతో గూడి మంచుపై హాకీ యాడుచుండగా తీసిన ఛాయాపట మొకటి నేటికిని గలదు. ఆ ప్రభువు 1892లో బహూకరించిన వెండిపాత్రయే పురుషుల హాకీలో మిగుల ఘనమైన బహుమానముగా నేటికిని నెలకొని యున్నది. పాత్ర కొడుకుల పోటీలకు వెళ్లెను. కూతుండ్ర కట్టి ప్రపంచస్థాయి పోటీ యేర్పడుటకు మఱి యొక నూఱేండ్లు పట్టినది.

ఈ నడుమ జరిగిన యొక కథ వినదగినది. 1955వ సంవత్సరమున టొరాంటో నగరమున ఆబీ హాఫ్‌మన్ అను చిన్నబాలికకు హాకీపై మక్కువ కలిగెను. బాలికల కందు పోటీసంఘములు లేవు. ఆమె జుట్టు పొట్టిగా కత్తిరించుకొని, ఆబ్ హాఫ్‌మన్ అని పేరు వ్రాయించుకొని, బాలురతో కలసి యాడసాగెను. ఆమె నేర్పునకు మెచ్చి ఉత్తమ క్రీడాకారుల జట్టులోనికి కూడ నెన్నుకొనిరి. అంతలో జన్మపత్రము పరిశీలించుటతో గుట్టు బయటపడెను. అప్పటి కామెకు తొమ్మిదేండ్లు. ఆమె హాకీని వదలి పరుగుపందెములకు మఱలి, 1964 మొదలు 1976 వఱకు నాలుగు ఒలింపిక్ క్రీడలలో కెనడా పక్షమున పాల్గొనినది. 1976లో మాంట్రియాలున తమ దేశపు పతాకము చేబూని యూరేగింపునకు ముందు నడచిన దామెయే. 1982లో కెనడా దేశమున స్త్రీల జాతీయ హాకీ పోటీ యేర్పడగా విజేతల కిచ్చు పాత్రకు ఆమె పేరే పెట్టిరి. ఏ యాటలో నామెకు చోటు లేకపోయెనో ఆ యాటయే తుద కామె పేరు నిలుపుకొనినది.

1990వ సంవత్సరమున ఒట్టావా నగరములో సమాఖ్యవారి మొట్టమొదటి స్త్రీల ప్రపంచపోటీ జరిగెను. కెనడా గెలిచెను. 1998లో జపాను దేశమందలి నాగానో నగరమున స్త్రీల ఐస్ హాకీ ఒలింపిక్ క్రీడలలో చేరినది. అప్పుడు స్వర్ణపతకము అమెరికా సంయుక్తరాష్ట్రములకు దక్కెను. అయినను ఒక కొఱత మిగిలెను. పెద్దవారి జట్లకు బాలికలు సిద్ధ మగుట యెట్లు? మగపిల్లలకు వయస్సువారీగ ప్రపంచపోటీలు చాల కాలముగ నున్నవి. ఆడపిల్లలకు లేవు. ఆ కొఱత తీర్చుటకే 2008 జనవరిలో కెనడాలోని కాల్గరీ నగరమున ఎనిమిది దేశముల జట్లతో పదునెనిమిదేండ్లకు లోబడిన బాలికల పోటీ మొదలుపెట్టిరి. తుదియాటలో అమెరికా 5 గోలులు, కెనడా 2 గోలులు చేయగా మొదటి స్వర్ణపతకము అమెరికా బాలికలకు లభించెను.

నాటినుండి 2025 వఱకు 17 పోటీలు జరిగినవి. అందు అమెరికా 9 మాఱులును, కెనడా 8 మాఱులును గెలిచినవి. మూడవ దేశ మేదియు స్వర్ణము నందుకొనలేదు. ఈ రెండు జట్ల నడుమ పలుమాఱులు నిర్ణీతకాలము ముగియునప్పటికి సమముగ నిలిచి, అధికకాలమున వచ్చిన యొక్క గోలుతో జయాపజయములు తేలినవి. అయితే తక్కిన దేశములును వెనుకబడి యుండుట కొప్పుకొనలేదు. 2018లో రష్యాలోని ద్మిత్రోవ్ పట్టణమున స్వీడన్ బాలికలు తుదియాటకు వచ్చిరి. 2023లో వారు మరల తుదియాటకు వచ్చిరి. 2024లో స్విట్జర్లాండులోని త్సూగ్ నగరమున చెక్ దేశపు బాలికలు కెనడాను దాటి తుదియాట నాడి రజతపతకము నందుకొనిరి.

ఈ పోటీవలన కలిగిన మేలేమని యడిగినచో ఇద్దఱి పేర్లు చెప్పిన చాలును. క్యూబెక్ రాష్ట్రమందలి బోస్‌విల్ అను చిన్నయూరికి చెందిన మారీ ఫిలిప్ పూలాన్ 2008లో కాల్గరీ పోటీలో నాడినది. రెండేండ్లలో, పదునెనిమిదవ యేట, వాంకూవర్ ఒలింపిక్ క్రీడల తుదియాటలో కెనడా 2-0 గెలువగా ఆ రెండు గోలులును చేసినది ఆమెయే. ఆపై 2014, 2018, 2022 ఒలింపిక్ తుదియాటలలో గూడ గోలు చేసినది. నాలుగు ఒలింపిక్ తుదియాటలలో గోలు చేసినవారు అంతకు ముందు స్త్రీలలో గాని పురుషులలో గాని లేరు. అదే కాల్గరీ పోటీలో అమెరికా పక్షమున నాడిన కెండల్ కోయిన్ అను మఱియొక బాలిక, 2019లో పురుషుల వృత్తిసంఘమువారి వేడుకలో మంచుబరి నొక చుట్టు 14.346 సెకండ్లలో తిరిగి చూపఱుల నాశ్చర్యపఱచినది. ఆ పందెమునకు దిగిన ఎనమండ్రలో తక్కిన యేడ్గురును పురుషులే. ఆమె యందొకరిని మించినది కూడ.

ఇట్టి ఫలము నిచ్చుచున్న పోటీకి 2020 తరువాత గొప్ప యాపద వచ్చెను. కరోనా మహమ్మారి లోకమంతట వ్యాపించి ఇండ్లతలుపులు మూయించిన సంగతి మన కెల్లరకు తెలిసినదే. స్వీడన్ దేశమందలి లిన్‌షోపింగ్, మ్యోల్బీ పట్టణములలో 2021 జనవరియందు జరుగవలసిన బాలికల పోటీని రద్దు చేసిరి. ప్రాణముకంటె ఆట యెక్కువ కాదు గనుక దాని నెవరు తప్పుపట్టుదురు? అయితే అదే చలికాలమున, 2020 డిసెంబరు చివర మొదలై 2021 జనవరి మొదటివారమున ముగిసిన ఇరువదేండ్లకు లోబడిన బాలుర పోటీని మాత్రము కెనడాలోని ఎడ్మంటన్ నగరమున జరిపిరి. ప్రేక్షకులను రానీయక, ఆటగాండ్రను బయటివారితో కలియనీయక, గట్టి కట్టుబాట్లతో దానిని నెఱవేర్చిరి. 2021 వసంతమున పదునెనిమిదేండ్లకు లోబడిన బాలుర పోటీయు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున జరిగినది. వ్యాధి యందఱికి నొక్కటియే. ఉపాయము మాత్రము బాలురకు దొరకినది, బాలికలకు దొరకలేదు.

మరుసటి సంవత్సరము గూడ నిట్లే జరిగెను. 2022 జనవరిలో అదే స్వీడన్ పట్టణములలో పోటీ జరుగునని బాలికలు మూటముల్లె సర్దుకొనుచుండగా, 2021 డిసెంబరు 24వ తేదీన, జనవరిలో ప్రారంభము కావలసిన తమ పోటీల నన్నింటిని ఆపివేసితిమని సమాఖ్యవారు ప్రకటించిరి. క్రొత్తరకపు వ్యాధి వేగముగా వ్యాపించుటయే కారణమనిరి. ఆ ప్రకటనలో బాలుర క్రిందిశ్రేణుల పోటీలును చేరియున్నవని న్యాయము కొఱకు చెప్పవలయును. కాని బాలుర ప్రధానపోటీ డిసెంబరు 26వ తేదీన కెనడాలో నిర్ణయించినట్లే ప్రారంభమాయెను. అదియు జట్లలో వ్యాధి పొడచూపుటచే మూడు దినములకే నిలిచిపోయినది. నిలిచిపోయిన వెంటనే, దానిని వేసవిలో నైనను పూర్తిచేయవలెనని మాటలు మొదలిడినవి. బాలికల పోటీని గూర్చి మాత్రము మొదటి ప్రకటనలో రద్దన్న మాట తప్ప మరల జరుపుదుమన్న మాట లేదు.

ఇచ్చట నొక విషయము గమనింపవలయును. పెద్దవారి పోటీ ఈ యే డాగినచో పై యేటికి వేచియుండవచ్చును. వయోనియమము గల పోటీ యట్టిది కాదు. 2003లో జన్మించిన బాలికకు 2021 జనవరియే కడపటి యవకాశము. అది దాటినచో ఎంత నేర్పరియైనను ఆమెకు తలుపు మూసిపోవును. తెల్లవారుజామున లేచి చలిలో సాధన చేసిన యేండ్లు, తలిదండ్రులు జోళ్లకు కవచములకు ప్రయాణములకు వెచ్చించిన ధనము, ఒక్క ప్రకటనతో నీటిపాలగును. పెద్ద జట్లకు ఎన్నుకొనువారు, విద్యార్థివేతనము లిచ్చు విశ్వవిద్యాలయములవారు బాలికల యాటను చూచు ముఖ్యస్థలము లలో నిది యొకటి. వరుసగా రెండేండ్లు అది మూతపడిన, చూపుకొనుటకే చోటు లేకపోయినది.

ఈమాఱు బాలిక లూరకుండలేదు. వారి పక్షమున పెద్దలును ఊరకుండలేదు. దేశపుజట్లలో నాడి పేరుగాంచిన క్రీడాకారిణులు, శిక్షకులు, తలిదండ్రులు బహిరంగముగ నడిగిరి. కష్టకాలమున మొదట కోతపడునది బాలికల పోటీయే యేల? బాలురకు చేసిన కట్టుబాట్లు బాలికలకు చేయరాదా? రద్దు చేయుటకు బదులు వాయిదా వేయరాదా? ఈ ప్రశ్నలలో దూషణ లేదు. సమాధానము చెప్పక తప్పని న్యాయము కలదు. పత్రికలు వీనిని ప్రచురించినవి. సమాఖ్యవారు మరల నాలోచించిరి. పిమ్మట, పోటీని వేఱొక కాలమున జరుపుదుమని తెలిపిరి.

అట్లు 2022 జూన్ నెల 6వ తేదీ మొదలు 13వ తేదీ వఱకు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ నగరమున ఆ పోటీ జరిగెను. అక్కడి విశ్వవిద్యాలయమువారి స్త్రీల హాకీజట్టు తమ దేశమున మిక్కిలి పేరుపొందినది. ఆ జట్టు నాడు మందిరము ఈ బాలికలకు ఒక వేదిక యైనది. బయట వేసవి; లోపల మంచు. జనవరిలో నాడవలసిన యాటను జూన్‌లో నాడినను వారి యుత్సాహము కరగలేదు. తుదియాటలో కెనడా 3 గోలులు, అమెరికా 2 గోలులు చేసినవి. ఎవరు గెలిచిరనునది ఆయేడు రెండవమాట. ఆట జరిగినది, అదియే మొదటి జయము. అయితే 2021లో వయస్సు దాటిపోయిన బాలికలకు ఈ న్యాయము చేరలేదు. వారి విషయమున నిది గతజలసేతుబంధనమే.

ఏడు నెలలకు, 2023 జనవరిలో, స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్ పట్టణమున పోటీ మరల తన సహజకాలమున జరిగెను. తుదియాటలో కెనడా 10-0తో స్వీడన్‌ను గెలిచెను. కాని జను లెక్కువగ చెప్పుకొనినది స్లొవాకియా దేశపు నేలా లోపుషానోవా అను పదునాలుగేండ్ల బాలికను గూర్చి. ఆమె గోలు వెనుకకు పోయి, నేలనున్న పక్‌ను కఱ్ఱ చివరపై అప్పమువలె నెత్తి, పైమూలనుండి వలలోనికి జారవిడిచినది. పురుషులలోనే అరుదైన యీ విద్యను సమాఖ్యవారి స్త్రీల పోటీలలో అంతకు మున్నెవ్వరును చూపలేదు. ఆమె జట్టునకు పతకము రాకపోయినను పోటీ మొత్తమున నుత్తమ క్రీడాకారిణిగా నామెనే యెన్నుకొనిరి. ఆ యేడు గూడ పోటీ మూతపడియుండినచో, ఈ బాలిక నేర్పు లోకమునకు తెలియుట కెంత కాలము పట్టెడిదో!

మన దేశమునకును ఈ యాటతో సంబంధము లేకపోలేదు. హిమాలయముల నడుమ, సముద్రమట్టమునకు పదునొకండు వేల యడుగుల పైనున్న లదాఖ్ సీమలో చలికాలమున చెఱువులు గడ్డకట్టును. అచ్చటి బాలికలు అన్నలు విడిచిన జోళ్లు తొడిగికొని ఆట నేర్చిరి. 2016లో తైపే నగరమున మన దేశపు స్త్రీలజట్టు మొదటిసారి అంతర్జాతీయపోటీలో నాడినది; అందులో నాడినవారు చాలమంది యా సీమవారే. మొదట ఓటములే. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పైన్స్ జట్టును 4-3తో గెలిచి మొదటి విజయ మందిరి. 2025లో అరబ్బుదేశపు అల్ ఐన్ నగరమున జరిగిన ఆసియాకప్పు పోటీలో కాంస్యపతకము నందుకొనిరి. ఏడాదిలో కొలది నెలలు మాత్రమే మంచు దొరకెడి బాలిక లిది సాధించిరి.

సోదరీమణులారా! మన పిల్లలు మంచుపై హాకీ యాడకపోవచ్చును. కాని వయస్సుతోనే వచ్చి వయస్సుతోనే పోవు నవకాశములు మన యిండ్లలోను గలవు. బడిలో చేరు వయస్సు, పరీక్షకు కూర్చుండు వయస్సు, సంగీతము నేర్చు వయస్సు, ఆటలాడు వయస్సు ఇట్టివే. ఇంట నొక యిబ్బంది కలిగినప్పుడు, అబ్బాయి చదువునకు అప్పు పుట్టును. అమ్మాయి చదువునకు వచ్చే యేడు చూతమన్న మాట పుట్టును. కరోనాకాలమున పాఠములు ఫోనులోనికి రాగా, ఇంట ఫోనొక్కటియే యున్నప్పుడు అది యెవరి చేతి కిచ్చితిమో ఎవరికి వారు తలచుకొనిన తెలియును. అట్లు చేయువారికి కూతురిపై ప్రేమ లేదని గాదు. ఆమె యాగగలదని, ఆగినను నష్టము లేదని యొక యలవాటు మనస్సున నాటుకొని యున్నది.

ఆ యలవాటునే ఆ బాలికలు ప్రశ్నించిరి. వారు తమకెక్కువ యడుగలేదు. తమ వంతు తమకు కావలెననిరి. కష్టకాల మెవరికైన వచ్చును. పొదుపు చేయవలసివచ్చినప్పుడు ఇద్దఱి వంతునుండియు సమముగ తగ్గింపుడు. ఆపవలసివచ్చినప్పుడు మరల నెప్పుడు మొదలుపెట్టుదుమో ఆ దినమే చెప్పుడు. బిడ్డ వయస్సు మన సౌకర్యమునకై వేచియుండదు.